‘అందరూ కట్టలేదు’ అంటే ఎంతమంది కట్టినట్టు?

ఈ శీర్షికకు మాటల పుట్టుక గురించి, సరైన వాడుక గురించి ఉత్తరాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఈ నెల వచ్చినవాటిలో ఎక్కువ భాగం వాక్యార్థానికి సంబంధించినవి. రాసినవారందరూ హైదరాబాదు, సికింద్రాబాదుల పాఠకులే. ఒక జవాబు అవసరం మరొక జవాబులో పడుతోంది కాబట్టి అన్నింటినీ ఒకచోటే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. గత నెల నోటీసు బోర్డు మీద “సభ్యులందరూ మెయింటెనెన్స్ కట్టలేదు” అని రాసి పెట్టాను. కొందరే కట్టారని, మిగిలినవారు కూడా కట్టాలని నా ఉద్దేశం. కట్టినవారు మాత్రం “మేము కట్టలేదని బోర్డు మీద రాస్తారా?” అని తగువుకు వచ్చారు. నేను రాసినదానిలో తప్పేముంది? (ఒక పాఠకురాలు, మలక్‌పేట)

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదమ్మా, అబద్ధమూ లేదు. ఉన్నదల్లా రెండు అర్థాలు. ఒక అర్థాన్ని మనసులో పెట్టుకొని మీరు రాశారు, రెండో అర్థాన్ని డబ్బు కట్టినవారు చదువుకున్నారు.

ఆ వాక్యంలో ‘అందరూ’ అనే మాట ఉంది, ‘లేదు’ అనే వ్యతిరేకార్థం ఉంది. ఈ రెండింటిలో ఏది దేనిని తన కిందికి తెచ్చుకుంటుందన్నదే అసలు చిక్కు. “సభ్యులందరూ కట్టారు” అనే మాటను మొత్తంగా తీసుకొని, అది నిజం కాదు అని చెబితే మీ అర్థం వస్తుంది. అలా కాకుండా సభ్యులను ఒక్కొక్కరినే తీసుకొని, ఈయన కట్టలేదు, ఆవిడ కట్టలేదు, పక్కవారూ కట్టలేదు అని చివరి ఫ్లాటు దాకా చెప్పుకుంటూ పోతే వారి అర్థం వస్తుంది. మీది 40 ఫ్లాట్ల భవనం అనుకుందాం. 39 మంది కట్టి ఒక్కరు ఆగిపోయినా మొదటి అర్థంలో మీ నోటీసు నిజమే, రెండో అర్థంలో మాత్రం అది పచ్చి అబద్ధం. ఒక్కరూ కట్టకపోతే రెండు అర్థాల్లోనూ నిజమే. ఒకే పదాలు, ఒకే వరుస, ఒకే విభక్తులు ఉన్న వాక్యం ఒకే రోజున, ఒకే భవనంలో నిజమూ అబద్ధమూ కాగలుగుతున్నదంటే, అర్థం పదాలలో మాత్రమే లేదని ఒప్పుకోక తప్పదు.

మాటల, వాక్యాల అర్థాన్ని పరిశీలించే అర్థవిజ్ఞానంలో (సెమాంటిక్స్) దీనికి సంబంధించిన మూలసూత్రాన్ని జర్మన్ తార్కికుడు గోట్లోబ్ ఫ్రేగే (1848–1925) పేరుతో చెబుతారు. వాక్యార్థం అందులోని భాగాల అర్థాల మీద, ఆ భాగాలు కలిసిన తీరు మీద ఆధారపడుతుందన్నది ఆ సూత్రం. మన బడుల్లో మొదటి సగమే నేర్పుతాం. పాఠం చివర కఠిన పదాలకు అర్థాలు ఇచ్చి, అవి తెలిస్తే వాక్యం దానంతట అదే తెలుస్తుందనుకుంటాం. మీ నోటీసులో కఠిన పదం ఒక్కటీ లేదు, తగువంతా కలిసిన తీరు దగ్గరే వచ్చింది. ‘అందరూ’, ‘కొందరు’, ‘ఎవరూ’ వంటి మాటలు వాక్యంలో ఎంత మేరకు అధికారం చలాయిస్తాయో లెక్కగట్టే పద్ధతిని అమెరికా తార్కికుడు రిచర్డ్ మాంటెగ్యూ రూపొందించాడు. ఆ విషయం మీద ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం ఆయన మరణించిన రెండేళ్ళకు, 1973లో అచ్చయింది. గణిత తర్కంలోని కృత్రిమ భాషలకూ మనుషులు మాట్లాడే భాషలకూ ఈ విషయంలో మౌలికమైన తేడా లేదన్నది ఆయన పట్టుదల.

అదే మాటను మీరు నోటితో చెప్పి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. ‘అందరూ’ అన్నచోట గొంతు కొంచెం ఎత్తి, సాగదీసి, “అందరూ కట్టలేదు” అంటే, తరవాత “కొందరే కట్టారు” అనే మాట రాబోతున్నదని వినేవారు ముందే పసిగడతారు. బోర్డు మీద అక్షరాలకు ఆ స్వరం ఉండదు. అందువల్ల రాతలో “సభ్యుల్లో కొందరు ఇంకా కట్టలేదు” అనండి. నిజంగా ఒక్కరూ కట్టని నెలలో “ఎవరూ కట్టలేదు” అనండి. ఫ్లాటు నంబర్లతో సహా రాస్తే అర్థవిజ్ఞానంతో పనే ఉండదు, కాకపోతే తగువులు ఇంకా పెరుగుతాయి.

ఒక్క జాగ్రత్త. “కొందరు కట్టలేదు” అన్నప్పుడు మిగిలినవారు కట్టారనే భావం కూడా వినేవారికి అందుతుంది, కానీ ఆ వాక్యం దానిని చెప్పడం లేదు. “కొందరు కట్టలేదు, ఆ మాటకొస్తే ఎవరూ కట్టలేదు” అంటే మాట పొడిగించినట్టు ఉంటుందే తప్ప మాట తప్పినట్టు ఉండదు. చెప్పడానికీ అందడానికీ ఉన్న ఈ తేడా పెళ్ళిచూపుల ప్రశ్న దగ్గర మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉన్న పదసమూహం నుంచే వాక్యార్థజ్ఞానం కలుగుతుందని మన శాస్త్రాలు ఎన్నడో తేల్చాయి. ఇప్పుడు సెమాంటిక్స్ పేరుతో విశ్వవిద్యాలయాల్లో చెబుతున్నది దానికి కొత్త పేరు పెట్టడమే కాదా? (విశ్రాంత తెలుగు పండితుడు, కాచిగూడ)

జవాబు: పండితులవారి ప్రశ్నలో సగానికి అవునని, సగానికి కాదని జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ రెండో సగమే నాకు ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది.

ముందు మిగతా పాఠకుల కోసం ఆ మూడు మాటలు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో వీటికి ఇచ్చిన ఉదాహరణలు చిన్నవి, మరిచిపోలేనివి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే నాలుగు అర్థాలు తెలుస్తాయి కానీ వాక్యార్థం తెలియదు, ఎందుకంటే ఒక పదం మరొక పదాన్ని కోరడం లేదు. ఆ కోరికే ఆకాంక్ష. నిప్పుతో తడపమంటే పదాలు ఒకదానినొకటి కోరుతూనే ఉన్నా, తడపడానికి నిప్పు పనికిరాదు కాబట్టి యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఇప్పుడు పలికి, ‘తీసుకురా’ అనే మాటను ఒక జాము గడిచాక పలికితే సన్నిధి లేదు. ఈ మూడింటికి తోడు, చెప్పేవాడి ఉద్దేశమైన తాత్పర్యాన్ని కూడా కొందరు కలిపారు. ‘సైంధవం’ అంటే ఉప్పు అనీ గుర్రం అనీ అర్థాలు ఉన్నప్పుడు, భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే గుర్రాన్ని తోలుకురాకూడదని తెలిసేది తాత్పర్యం వల్లనే.

ఆకాంక్షకు ఆధునిక భాషాశాస్త్రంలో గట్టి సమాంతరం ఉంది. ‘ఇచ్చాడు’ అనే క్రియ ఎవరు, ఎవరికి, ఏమిటి అనే మూడు ఖాళీలతో వస్తుందని, ఆ ఖాళీలు నిండితే గాని అర్థం పూర్తి కాదని ఇప్పటివారు కూడా చెబుతారు. అయితే తెలుగులో ఈ ఖాళీలను వాక్యంలోనే నింపాలనే నియమం లేదు. కిరాణా కొట్టువాడు “పాత బాకీ?” అంటే, “ఇచ్చేశా” అని ఒక్క క్రియతో జవాబు చెప్పి సంచీ పట్టుకొని వచ్చేస్తాం. ఎవరు ఇచ్చారో క్రియ చివరి ప్రత్యయం చెబుతుంది, ఎవరికి ఇచ్చారో, ఏం ఇచ్చారో సందర్భం చెబుతుంది. ఆకాంక్ష పదానికి ఉన్న అవసరమా, వినేవాడి మనసులో పుట్టే కోరికా అని మనవాళ్ళు వాదించుకున్నది ఇటువంటి వాక్యాల దగ్గరే పదునెక్కుతుంది.

యోగ్యత దగ్గర దారులు చీలుతాయి. అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు నోమ్ చామ్‌స్కీ 1957లో, రంగులేని ఆకుపచ్చని ఆలోచనలు కోపంగా నిద్రపోతున్నాయనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని తయారు చేసి చూపించాడు. అర్థం పొసగకపోయినా అది వ్యాకరణబద్ధమైన వాక్యమేనని, కాబట్టి వ్యాకరణం వేరు, అర్థం పొసగడం వేరు అని ఆయన వాదన. యోగ్యత లేనిచోట శాబ్దబోధే, అంటే మాటలు విన్నందువల్ల కలిగే జ్ఞానమే, కలగదని నైయాయికులు (న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు) అంటారు. ఈ ఒక్కచోట నాకు చామ్‌స్కీ పక్షమే నచ్చుతుంది. నిప్పుతో తడపడం కుదరదని నవ్వాలంటే, ఆ వాక్యం ఏం చేయమంటున్నదో ముందు తెలిసి ఉండాలి కదా.

ఇక అసలు పెద్ద వాదానికి వస్తాను. ఒక్కొక్క పదం తన అర్థాన్ని విడిగా చెబుతుందని, అలా చెప్పిన అర్థాలు తరవాత ఒకదానితో ఒకటి అన్వయం పొందుతాయని, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల్లో కుమారిల భట్టు అనుయాయుల మతం. దీనిని అభిహితాన్వయవాదం అంటారు. అన్వయం పొందిన అర్థాన్నే పదం మొదటి నుంచీ చెబుతుందని, విడి అర్థమనేది మనం తరవాత ఊహించి తీసేదేనని మరో మీమాంసకుడు ప్రభాకరుని మతం. ఇది అన్వితాభిధానవాదం. ప్రభాకరుని పక్షంవారు చూపే దృశ్యం చాలా సహజంగా ఉంటుంది. పెద్దాయన “ఆవును తీసుకురా” అంటాడు, పనివాడు వెళ్ళి తెస్తాడు. తరవాత “ఆవును కట్టెయ్” అంటాడు, వాడు కడతాడు. మరోసారి “గుర్రాన్ని తీసుకురా” అంటాడు. పక్కన కూర్చొని చూస్తున్న పసివాడికి ఎవరూ నిఘంటువు చదివి వినిపించలేదు. మొత్తం వాక్యాలు విని, ఏ మాట మారితే ఏ పని మారుతున్నదో గమనించి, వాడు పదార్థాలను విడదీసుకుంటాడు. వీరిద్దరి కంటే ముందే, 5వ శతాబ్దంలో, భర్తృహరి వాక్యపదీయంలో ఇంకా దూరం వెళ్ళి, అర్థాన్నిచ్చేది అఖండమైన వాక్యమే గాని పదాలు కావని, పదాలుగా విడదీయడం వ్యాకరణ బోధ కోసం చేసే కల్పన అని ప్రతిపాదించాడు.

ఫ్రేగేలో కూడా ఈ రెండు ధోరణులూ ఉండటం విశేషం. భాగాల నుంచి మొత్తం అర్థం వస్తుందనే సూత్రాన్ని ఆయన పేరుతో చెబుతామని పైన అన్నాను. అదే ఫ్రేగే 1884లో, పదం అర్థమేమిటని విడిగా అడగకూడదని, వాక్య సందర్భంలోనే అడగాలని రాశాడు. కుమారిలునీ ప్రభాకరునీ ఒకే మనిషిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

ఇంత దగ్గరితనం చూపించాక కూడా రెండూ ఒకటేనని నేను అనలేను, ఎందుకంటే అడిగిన ప్రశ్నలే వేరు. శాబ్దబోధ చర్చ అంతా విన్నవాడికి జ్ఞానం ఎలా కలుగుతుంది, ఆ జ్ఞానం ఏ ఆకారంలో ఉంటుంది అన్నదాని గురించి. “చైత్రుడు ఊరికి వెళ్తున్నాడు” అనే వాక్యం వింటే కలిగే జ్ఞానంలో ప్రధానంగా నిలిచేది చైత్రుడని నైయాయికులు, వెళ్ళడం అనే క్రియ అని వైయాకరణులు, ప్రయత్నరూపమైన భావన అని మీమాంసకులు పట్టుబట్టారు. ఆధునికుల ప్రశ్న ఇది కాదు. వాక్యం నిజం కావాలంటే లోకం ఎలా ఉండాలి అన్నది వారి ప్రశ్న. “మంచు తెల్లగా ఉంటుంది” అనే వాక్యం ఎప్పుడు నిజమవుతుంది? మంచు తెల్లగా ఉంటేనే. వినడానికి ఇందులో ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ పోలెండు తార్కికుడు ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ 1930లలో సత్యానికి ఇచ్చిన నిర్వచనం దీని మీదనే నిలిచింది. భాషలోని ప్రతి వాక్యానికీ ఇటువంటి షరతును పరిమితమైన నియమాలతో రాబట్టగలిగితే ఆ భాషకు అర్థసిద్ధాంతం ఇచ్చినట్టేనని అమెరికా తత్త్వవేత్త డొనాల్డ్ డేవిడ్‌సన్ 1967లో వాదించాడు.

దీనివల్ల ప్రయోజనమేమిటంటే, ఒక వాక్యం నుంచి మరొక వాక్యం ఎప్పుడు వస్తుందో లెక్క వేయగలుగుతాం. “రాత్రి గట్టిగా వాన పడింది” నిజమైతే “రాత్రి వాన పడింది” కూడా నిజమే. రెండింటినీ వ్యతిరేకం చేయండి. “రాత్రి గట్టిగా వాన పడలేదు” నిజమైనంత మాత్రాన వాన పడలేదని చెప్పలేం, చినుకులు పడి ఉండవచ్చు. “రాత్రి వాన పడలేదు” నిజమైతే మాత్రం గట్టిగా పడలేదన్నదీ నిజమే. వ్యతిరేకం రాగానే దారి తలకిందులైంది. తెలుగు తెలిసిన ప్రతివారూ ఈ లెక్కను క్షణంలో చేస్తారు, కానీ ఎలా చేస్తున్నారో చెప్పమంటే తడుముకుంటారు. ఆ పనిని నియమాలుగా రాయడమే సెమాంటిక్స్ చేసే పని. శాబ్దబోధ గ్రంథాల్లో ఈ లెక్క కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. మాంటెగ్యూ వ్యాసాల్లో తాత్పర్యం కోసం వెతికినా అంతే.

ప్రశ్న: నేను జర్నలిజం చదువుతున్నాను. “లారీ ఢీకొన్న బస్సు” అని నేను పెట్టిన శీర్షికను మా సార్ కొట్టేశారు. ఎవరు ఎవరిని గుద్దారో తెలియడం లేదన్నారు. నాకు స్పష్టంగానే ఉన్నట్టు అనిపించింది. (ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: జరిగింది ముందే తెలిసినవారికి ఏ శీర్షిక అయినా స్పష్టంగానే ఉంటుంది. మీ సార్ దాన్ని తెలియనివాడిలా చదివారు.

‘ఢీకొన్న’ వంటి రూపాలను చిన్నయసూరి వ్యాకరణ పరంపరలో ధాతుజ విశేషణాలంటారు. ఇవి తరవాత వచ్చే నామానికి క్రియతో ఏదో సంబంధం ఉందని చెబుతాయి, ఏ సంబంధమో చెప్పవు. అన్నం తిన్న పిల్లవాడు, అన్నం తిన్న పళ్ళెం, అన్నం తిన్న చెయ్యి, అన్నం తిన్న గది అనే నాలుగింటిలో ‘తిన్న’ ఒక్కటే. పిల్లవాడు తిన్నాడు, పళ్ళెంలో తిన్నారు, చేతితో తిన్నారు, గదిలో తిన్నారు. కర్త, అధికరణం, కరణం అనే సంబంధాలను తేల్చేది ప్రత్యయం కాదు, పళ్ళెం అన్నం తినదని మనకు తెలియడం. మీ శీర్షికలో ఆ తెలివిడి సాయం చేయదు, ఎందుకంటే లారీ బస్సును గుద్దగలదు, బస్సు కూడా లారీని గుద్దగలదు. దానికి తోడు ప్రాణం లేని వస్తువుల పేర్లకు ద్వితీయా విభక్తి ప్రత్యయం లేకుండా కూడా తెలుగులో వాడతాం. “పుస్తకం చదివాడు” అంటామే గాని ప్రతిసారీ ‘పుస్తకాన్ని’ అనం. అందువల్ల ‘లారీ’ అని ఉన్నచోట కర్త ఉందో, ‘ని’ జారిపోయిన కర్మ ఉందో చదివేవాడు తేల్చుకోలేడు. “పులి చంపిన వేటగాడు”, “పులిని చంపిన వేటగాడు” అన్నప్పుడు ఈ గందరగోళం లేదు, ఎందుకంటే పులికి ప్రాణం ఉంది, ‘ని’ మానేయడానికి వీల్లేదు.

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల వాక్యాలను కంప్యూటరుతో విశ్లేషించడానికి క్రియతో నామాలకున్న సంబంధాలను తేల్చే పాణిని కారక పద్ధతిని ఆధారంగా తీసుకొన్నారు. అక్కడి యంత్రానికి కూడా చిక్కు మీ సార్‌కు కనిపించినదే. “బస్సును ఢీకొన్న లారీ” అనో “లారీని ఢీకొన్న బస్సు” అనో ఒక్క అక్షరం కలిపితే మనిషికీ యంత్రానికీ పని తేలికవుతుంది. రోడ్డు ప్రమాదాల వార్తల్లో తప్పు ఎవరిదన్నది కూడా ఆ అక్షరం మీదే ఆధారపడుతుంది కాబట్టి చోటు చాలలేదనే సాకు పనికిరాదు.

ప్రశ్న: “మేనేజరు నేను రేపు వస్తానని చెప్పాడు” అని సహోద్యోగి నాకు మెసేజ్ పంపాడు. వచ్చేది మేనేజరా, సహోద్యోగా? రేపంటే ఏ రేపు? (ఒక ఉద్యోగి, సికింద్రాబాదు)

జవాబు: రెండు విధాలుగానూ అర్థం చేసుకోవచ్చు. తెలుగులో ‘అని’ చేర్చి ఇతరుల మాటలను చెప్పేటప్పుడు ‘నేను’ అసలు మాట్లాడినవాడిని సూచించవచ్చు, ఇప్పుడు మాట్లాడుతున్నవాడినీ సూచించవచ్చు. “మేనేజరు తను రేపు వస్తానని చెప్పాడు” అని రాసి ఉంటే వచ్చేది మేనేజరేనని తేలిపోయేది. ఆ వాక్యాన్ని కొంచెం నిలబడి చూడండి. ‘తను’ ప్రథమ పురుష, ‘వస్తాను’ ఉత్తమ పురుష. విడి వాక్యంలో “తను వస్తాను” అంటే ఎవరూ ఒప్పుకోరు, ‘అని’ కిందికి రాగానే అది సాఫీగా పలుకుతుంది. ఇతర భాషల మీద పనిచేసే అర్థశాస్త్రజ్ఞులు తెలుగు వైపు తిరిగి చూడటానికి ఇటువంటి వాక్యాలు ఒక కారణం.

‘రేపు’ సంగతికి వస్తే, ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసేవారు. రాత్రిపూట వచ్చే దయ్యం అది చదివి వెళ్ళిపోతుందని, మరునాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందని నమ్మకం. దయ్యాన్ని తప్పించుకోవడానికి దొరికిన ఉపాయం పూర్తిగా అర్థవిజ్ఞానానికి సంబంధించినది. ‘రేపు’ అనే మాటకు స్థిరమైన నియమం ఒకటి ఉంది: మాట చెప్పిన రోజుకు, తలుపు మీది రాతకైతే చదివిన రోజుకు, మరుసటి రోజు. ఆ నియమం ఎన్నడూ మారదు, అది చూపే తేదీ మాత్రం ప్రతి రాత్రీ మారుతుంది. నేను, ఇక్కడ, ఇప్పుడు, రేపు వంటి మాటల్లో ఈ రెండు పొరలను విడదీసి చూపినవాడు అమెరికా తత్త్వవేత్త డేవిడ్ కాప్లాన్. ఆఫీసు మెసేజ్‌లలో మాత్రం తేదీ వేయమనండి.

ప్రశ్న: “రవి కూడా పాసయ్యాడు” అనే వాక్యంలో ‘కూడా’ తీసేస్తే అర్థం మారుతుందా? పాసైంది రవే కదా. (ఇంటర్ విద్యార్థిని, కూకట్‌పల్లి)

జవాబు: వాక్యం నొక్కి చెప్పే విషయం మారదు. కానీ ‘కూడా’ ఉన్నప్పుడు ఇంకెవరో పాసయ్యారనే సంగతి ముందే అందరికీ తెలిసినట్టు లోపలికి వస్తుంది. ఇది చెప్పడం కాదు, ఒప్పుకున్నట్టు వదిలేయడం. దీనిని పూర్వాంగీకారం అందాం. పరీక్ష తేలికే. “రవి కూడా పాసయ్యాడా?” అని ప్రశ్నగా మార్చినా, “రవి కూడా పాసయ్యాడన్నది నిజం కాదు” అని కొట్టిపారేసినా, ఇంకెవరో పాసయ్యారన్నది చెక్కుచెదరదు. “రవి కూడా పాసవలేదు” అంటే మాత్రం పాసవని వేరొకరు ఉన్నారని వస్తుంది, ఎందుకంటే ‘కూడా’ ఇప్పుడు పాసవకపోవడాన్ని తన కిందికి తీసుకుంది. ‘రవే పాసయ్యాడు’ అని ఒక్క ఏత్వం పెడితే మిగతావారంతా తప్పారు.

ఇలాగే, “ఇవాళ ఆఫీసుకు సెలవని ఆయనకు తెలియదు” అంటే సెలవు నిజంగా ఉన్నట్టే. “సెలవని ఆయన అనుకోవడం లేదు” అంటే ఉందో లేదో మనం చెప్పలేదు. “తాగి బండి నడపడం మానేశారా?” అనే ప్రశ్నకు అవునన్నా కాదన్నా దొరికిపోయేది ఈ పూర్వాంగీకారం వల్లే.

ముందే ఒప్పుకున్నది అబద్ధమైతే ఏమవుతుందన్నది పెద్ద వివాదం. “హైదరాబాదు రాష్ట్ర ప్రస్తుత ముఖ్యమంత్రి కళ్ళజోడు పెట్టుకుంటారు” అనే వాక్యం చూడండి. ఆ రాష్ట్రం 1956 నవంబరు 1 తరవాత లేదు. ఇంగ్లండు తత్త్వవేత్త బెర్‌ట్రండ్ రసెల్ 1905లో చూపిన మార్గంలో ఇది అబద్ధం. మరో ఇంగ్లండు తత్త్వవేత్త పి.ఎఫ్. స్ట్రాసన్ 1950లో దానిని కాదని, ఇటువంటి వాక్యం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ఆ ప్రశ్నే పుట్టదు అన్నాడు. మీ తరగతిలో ఈ వాక్యం చెప్పి చూడండి. చాలామంది “అబద్ధం” అనడానికి ముందు “ఏ రాష్ట్రం?” అని అడుగుతారని, స్ట్రాసన్ వైపే మొగ్గుతారని నా అంచనా.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళిచూపులకు వచ్చినవారు “ఇంటికి వెళ్ళి కబురు చేస్తాం” అని చెప్పి వెళ్ళారు. అది కాదన్నట్టేనని బంధువులు తేల్చేశారు. వాక్యంలో లేని అర్థాన్ని లాగకూడదని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరిది సరి? (ఒక తండ్రి, రామంతాపూర్)

జవాబు: వాక్యం మటుకు మీ అబ్బాయి పక్షాన ఉంది, అనుభవం మీ బంధువుల పక్షాన ఉంది. ‘కబురు చేస్తాం’ అనే మాటకు కబురు చేస్తామన్నదే వాచ్యార్థం. సంబంధం నచ్చితే అప్పుడే తాంబూలాల ఊసెత్తేవారు కదా, ఎత్తలేదు కాబట్టి నచ్చలేదన్నమాట అని వినేవారు ఊహించి తెచ్చుకున్నది రెండోది. కశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో దీనికి ధ్వని అని పేరు పెట్టి, వాచ్యార్థం, లక్ష్యార్థం (వాచ్యార్థం పొసగనప్పుడు దానికి సంబంధించి తెచ్చుకునేది) కాక వ్యంగ్యార్థమనేది (సూచనగా అందేది) వేరుగా ఉందని నిలబెట్టాడు. “సూర్యుడు అస్తమించాడు” అనే మాటకు పశువుల కాపరి ఇంటికి తోలుకుపోవాలని, దొంగ పనికి వేళయిందని, సంధ్యావందనం చేసేవాడు నీళ్ళ దగ్గరికి వెళ్ళాలని అర్థం చేసుకుంటారని అలంకారశాస్త్రంలో చెబుతారు. వాక్యం మారలేదు, మారింది విన్నవాడూ సందర్భమూ.

ఇంగ్లండుకు చెందిన తత్త్వవేత్త పాల్ గ్రైస్ ఇదే విషయానికి సంభాషణ వైపు నుంచి వచ్చాడు. ఆయన వ్యాసం 1975లో అచ్చయింది. మాట్లాడుకునేవారు ఒకరికొకరు సహకరిస్తున్నారని, కావలసినంత చెబుతారని, సందర్భానికి తగింది చెబుతారని అనుకోవడం వల్లే చెప్పనిది అందుతుందని ఆయన వివరణ. అలా అందినదానికి ఒక గుర్తు ఉంది. మాట తప్పకుండానే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. వాళ్ళు గుమ్మం దాటుతూ “కబురు చేస్తాం, మాకైతే పిల్ల నచ్చింది, పెద్దాయనతో ఒక మాట చెప్పాలి” అని ఉంటే మీ బంధువుల ఊహ అక్కడితో ఆగిపోయేది, మొదటి మాటకు భంగం కలిగేది కాదు. “కొందరు కట్టలేదు” అన్నదానిలో మిగిలినవారు కట్టారనే భావం కూడా ఈ కోవకే చెందుతుంది. పూర్వాంగీకారాన్ని ఇంత సులువుగా వెనక్కి తీసుకోలేం.

అయితే ఇటువంటి ఊహలు పదేపదే వాడగా గట్టిపడి, వాచ్యార్థం లాగే చెలామణీ అవుతాయి. బయలుదేరేటప్పుడు “వెళ్ళొస్తాను” అన్నవాడు తిరిగి రాకపోతే అబద్ధమాడాడని ఎవరూ అనరు. మన ఇళ్ళలో “చాయ్ తాగుతారా?” అంటే “ఇప్పుడే తాగి వచ్చానండి” అనే జవాబును కాదనడం కింద ఎవరూ లెక్కపెట్టరు, కప్పు వచ్చేస్తుంది. సిటీ బస్సులో కండక్టరు “కోఠి ఎవరు?” అని అరిస్తే ఏ మనిషీ కోఠి కాదని తెలిసి కూడా దిగవలసినవారు లేచి నిలబడతారు. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని చెప్పే పాత లక్షణకు (లక్ష్యార్థాన్నిచ్చే వాడుకకు) ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు.

‘కబురు చేస్తాం’ ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, గట్టిపడుతున్నది. అందుకే మీ ఇంట్లో వాదన జరిగింది. ఒక వారం చూసి మీరే ఒకసారి ఫోను చేసి అడగండి. అడగడం వల్ల పోయేదేమీ లేదు.

ప్రశ్న: ఈ విషయాలు హైదరాబాదులో ఎక్కడ చదువుకోవచ్చు? (డిగ్రీ విద్యార్థి, అంబర్‌పేట)

జవాబు: మీకు దగ్గరలో ఉస్మానియా విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర శాఖ ఉంది. దానిని 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి ప్రారంభించారు. తార్నాకలోని ఇఫ్లూలోనూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేయవచ్చు. ఏ డిగ్రీ చదివినవారిని తీసుకుంటారో, ప్రవేశ పరీక్ష ఎప్పుడో ఆయా సంస్థల ప్రకటనలు చూసి తెలుసుకోండి. అంతవరకూ ఆగలేకపోతే, చేకూరి రామారావు 1975లో వెలువరించిన ‘తెలుగు వాక్యం’ సంపాదించి చదవండి. అది ప్రధానంగా వాక్యనిర్మాణం గురించిన పుస్తకం, అర్థం గురించి నేరుగా చెప్పేది తక్కువ. కానీ తెలుగు వాక్యాన్ని సంస్కృతం చాటు నుంచో, ఇంగ్లీషు చాటు నుంచో కాకుండా తెలుగుగా చూడటం అందులో నేర్చుకుంటారు.